మెట్లెక్కే వీడియో పెడితే జీఎస్టీ క్లయింట్లు వస్తారా? షాపు పేజీలో ఏం వెయ్యాలో నా లెక్క

మా ఆఫీసు తిరుపతి బైరాగిపట్టెడలో. జీఎస్టీ రిటర్నులు, ఇన్‌కమ్ ట్యాక్స్ ఫైలింగు, చిన్న షాపుల లెక్కలు రాయడం, ఇంతే మా పని. ఇన్‌స్టాలో పేజీ తెరిచిన కొత్తలో నేను వేసినవన్నీ ఒకటే రకం, 11వ తేదీ జీఎస్టీఆర్ వన్ (అమ్మకాల వివరాల రిటర్ను) లాస్ట్, 20వ తేదీ త్రీబీ (నెల పన్ను కట్టే రిటర్ను) లాస్ట్, దాటితే రోజుకింత ఫైను, ఎర్ర అక్షరాల పోస్టరు, కింద ఫోన్ నంబరు. చూసేది నలభై మంది, అందులో సగం మా చుట్టాలు, మిగిలిన సగం ఇదే పని చేసే వేరే కన్సల్టెంట్లు.

ఒక శనివారం అలిపిరి నుంచి కొండకి నడిచి పోతా ఉన్నా. మోకాళ్ళ పర్వతం దగ్గర కాళ్ళు ఇంగ లేవలేదు, అట్లే మెట్టు మీద కూలబడి, ఆయాసపడతా "20వ తేదీ రాత్రి కన్నా ఇదే నయం సామీ" అని అరనిమిషం వీడియో తీసి, ఏమీ ఆలోచించకుండా ఆఫీసు పేజీలోనే వేసేసినా. పొద్దున లేచి ఫోన్ చూస్తే మెసేజులే మెసేజులు. "అక్కా, ఎన్ని గంటలకి మొదలుపెడితే ఎండ తగలదు?" "మా అమ్మకి మోకాళ్ళ నొప్పి, అలిపిరి మేలా శ్రీవారి మెట్టు మేలా?" "బ్యాగులు యాడ ఇయ్యాల?" "మేడం, మీ దగ్గర దర్శనం టికెట్లు దొరుకుతాయా?" బెంగళూరు, చెన్నై, హైదరాబాదు, ఎవరెవరో. జీఎస్టీ గురించి అడిగినోళ్ళు సున్నా.

మొదట సంబరపడినా, తర్వాత విసుక్కున్నా, ఆ తర్వాత కూర్చొని లెక్క వేసినా. ఎందుకంటే నాకు తెలిసిన నలుగురైదుగురు చిన్న వ్యాపారస్తులకి కూడా ఇట్లే జరిగింది, షాపు పేజీలో తమ రోజు గురించి ఏదో ఒకటి వేస్తే అనుకోని జనం వచ్చి పడినారు, కొందరికి అది లాభమైంది, కొందరికి తలనొప్పైంది. తేడా ఎక్కడుందో తెలిస్తే మీరు ముందే తేల్చుకోవచ్చు కదా అని ఇది రాస్తా ఉన్నా.

దార్లు నాలుగు ఉన్నాయి. ఒట్టి వ్యాపారం పోస్టులే వేసుకోవడం. వ్యాపారం, ఇంటి సంగతులు ఒకే పేజీలో కలిపేయడం. ఇంటి సంగతులకి వేరే పేజీ పెట్టుకోవడం. నాలుగోది, వ్యాపారానికి ఆనుకొని ఉండే జీవితాన్ని మాత్రమే చూపించడం. ఏది మేలని అడిగితే నేను తిరిగి అడిగే ప్రశ్న ఒకటే: మీ సరుకు ప్రయాణం చేస్తుందా? లేదా ఆ దూరపు మనిషే ఎట్లాగూ మీ ఊరికి వస్తాడా? ఈ రెంటికీ కాదు అని జవాబైతే బెంగళూరులో లక్ష మంది చూసినా మీకు ఒరిగేది లేదు. చూసినోళ్ళ సంఖ్య చూసి మురిసిపోయేది అందరమూ చేసే పనే, నేనూ చేసినా.

ఒట్టి వ్యాపారం పోస్టులు

దీన్ని చాలామంది చులకనగా చూస్తారు, లైకులు రావని. నిజమే, రావు. కానీ నా 20వ తేదీ పోస్టరుని లైకు కొట్టేదానికి ఎవరూ చూడరు, 19వ తేదీ రాత్రి పదకొండుకి పోర్టల్ తిరగక, పాస్‌వర్డ్ మర్చిపోయి, చెమటలు పట్టిన ఒక హార్డ్‌వేర్ షాపు అన్న చూస్తాడు, చూసి ఫోన్ చేస్తాడు. అవసరం పడినప్పుడు వెతుక్కుంటా వచ్చే పనులన్నిటికీ ఇదే చాలు. బోరు మోటారు రిపేరు, జిరాక్సు, ఏసీ మెకానిక్కు, వీళ్ళు పొద్దున ఏం టిఫిన్ తిన్నారో ఎవరికీ అక్కర్లేదు, గూగుల్ మ్యాప్స్‌లో షాపు పేరు, టైమింగు, ఫోన్ నంబరు కరెక్టుగా ఉంటే సగం పని అయినట్టే. ఆ టైమింగు ఒకటి కరెక్టుగా పెట్టుకోండి సామీ, మూసిన షట్టరు ముందరికి జనాన్ని పిలిపించుకునే షాపులు మన ఊర్లో శానా ఉన్నాయి.

ఇంగో సంగతి. సీఏలకి 1949 చట్టం ప్రకారం, లాయర్లకి బార్ కౌన్సిల్ రూల్ 36 ప్రకారం, డాక్టర్లకి 2002 రెగ్యులేషన్ల ప్రకారం, మా దగ్గరికి రండి అని ప్రకటన ఇచ్చుకునేదానికి లేదు. వీళ్ళల్లో కొందరు లైఫ్‌స్టైల్ పోస్టుల వైపు ఎందుకు పోతా ఉన్నారంటే, నడకలు, పుస్తకాలు, మొక్కలు అని వేసుకుంటే ప్రకటన కిందకి రాదని. వేసుకోవచ్చు గానీ ఆఖర్లో "కన్సల్టేషన్‌కి ఈ నంబరుకి కాల్ చేయండి" అని తగిలిస్తే మళ్ళీ మొదటికే వచ్చినట్టు. నేను సీఏని కాదు కాబట్టి నాకా బాధ లేదు.

అన్నీ ఒకే పేజీలో కలిపేస్తే

నేను చేసింది ఇదే, అందుకని దీని మంచి చెడ్డా రెండూ నా ఒంటి మీద ఉన్నాయి.

మంచి ముందు చెప్తా. మెట్ల వీడియో తర్వాత ఉత్సాహం వచ్చి మా మిద్దె మీద తొట్లల్లో పెంచే మొక్కలు కూడా వేసినా, కరివేపాకు చెట్టుకి పుల్ల మజ్జిగ పోసేది, మందారానికి పిండినల్లి పడితే వేప నూనె కొట్టేది, ఇట్లాంటివి. దానికి వచ్చినోళ్ళు ఎవరనుకున్నారు, రిటైరైన వాళ్ళు. బ్యాంకుల్లో చేసినోళ్ళు, టీచర్లు, ఆర్టీసీ వాళ్ళు, అందరూ ఈ ఊరోళ్ళే, పద్మావతీపురం, ఎమ్మార్‌పల్లి, తిరుచానూరు రోడ్డు వాళ్ళు. ఒక రోజు ఒకాయన చేతిలో మందారం కొమ్మ పట్టుకొని ఆఫీసుకే వచ్చేసినాడు, "అమ్మా, ఇది ముద్ద మందారం, నాటుకో" అని. కూర్చున్నాడు, టీ తాగినాడు, పోతా పోతా "అవునమ్మా, నా ఎఫ్‌డీ వడ్డీ మీద టీడీఎస్ పట్టినారు, అది వెనక్కి వస్తుందా?" అన్నాడు. ఆ ఏడాది ఆయన రిటర్ను, ఆయన తమ్ముడిది, వాకింగ్ ఫ్రెండ్స్ ఇద్దరివి, నాలుగు ఫైళ్ళు వచ్చినాయి. పెన్షన్ వాళ్ళ రిటర్నులు చేయాలని నేను ఎప్పుడూ అనుకోలేదు, నా పోస్టర్లు అన్నీ షాపులోళ్ళకే. మెట్ల వీడియోని ఎక్కువమంది చూసినారు, మజ్జిగ వీడియోని చూసినోళ్ళు అందులో పదో వంతు కూడా ఉండరు, డబ్బు ఇచ్చింది మజ్జిగే.

ఇంగ చెడ్డ. మెట్లకి వచ్చినోళ్ళు నా త్రీబీ పోస్టరు కనపడగానే వేలితో తోసేస్తారు, తప్పు వాళ్ళది కాదు. అట్ల తోసేసేవాళ్ళు జాస్తి అయ్యేకొద్దీ ఆ పోస్టర్లు అసలు క్లయింట్లకి కూడా కనపడటం తగ్గింది, కనీసం నా పేజీలో అట్లే జరిగింది. రెండోది, నేను ఫ్రీ ఎంక్వైరీ కౌంటరు అయిపోయినా. అలిపిరి దారి 9 కిలోమీటర్లు, 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు అయితే 2 కిలోమీటర్ల చిల్లర, 2,388 మెట్లు కానీ నిట్టనిలువుగా ఉంటుంది, ఇది ఎన్నిసార్లు టైపు చేసినానో ఆ వెంకన్నకే తెలుసు.

అన్నిటికన్నా పెద్ద ఇబ్బంది పాత వీడియో. అందులో నేను నడిచి వచ్చేవాళ్ళకి ఇచ్చే దర్శనం టోకెన్లు ఎక్కడ ఇస్తారో కూడా చెప్పి ఉన్నా. తర్వాత 2023 ఆగస్టులో నడకదారిలో చిరుత పాపని పట్టుకుపోయిన ఘోరం జరిగింది, ఆ తర్వాత పిల్లలతో వచ్చేవాళ్ళ టైమింగులు మార్చినారు, గుంపులుగా పోవాలన్నారు, టోకెన్ల సంగతీ మారతా వచ్చింది. నా వీడియో మాత్రం మారలేదు, అది తిరగతానే ఉంది. ఎవరో కుటుంబం దాన్ని నమ్ముకొని వచ్చి టోకెన్ దొరక్క నాకు ఫోన్ చేసి కడిగేసినారు. వాళ్ళు తిట్టింది న్యాయమే. అప్పటి నుంచి నా రూలు ఏందంటే, నడక ఎట్లుందో చెప్తా, కాళ్ళు ఎంత నొప్పిపెట్టినాయో చెప్తా, టైములు, టోకెన్లు, రేట్లు మాత్రం నోరెత్తను, టీటీడీ వెబ్‌సైట్ చూసుకోమంటా. మీరు లాడ్జి పక్కన టిఫిన్ సెంటర్ పెట్టుకున్నా సరే ఇదే వర్తిస్తుంది, ఇంకొకరు మార్చే నిబంధనల్ని మీ వీడియోలో పెట్టుకోవద్దు.

దర్శనం టికెట్ల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తా. తిరుపతిలో ఉంటాం అని తెలిస్తే చాలు, ఎవరైనా అడిగేది అదే. 300 రూపాయల టికెట్లు ఆన్‌లైన్లో నెలల ముందే వదులుతారు, ఎవరిది వాళ్ళు తీసుకోవాల్సిందే. క్లయింటు వస్తాడు కదా అని "చూద్దాంలెండి" అన్నారో, దళారీ పేరు పడతాది, పోలీసు కేసుల దాకా పోతాది. ఖరాఖండిగా లేదు అనేయండి.

వేరే పేజీ పెట్టుకుంటే

శుభ్రంగా అనిపిస్తుంది, చేసినా కూడా. "కొండ నడక" అని వేరేగా పెట్టినా, అది పెరిగింది, ఆఫీసు పేజీ ఎండిపోయింది, రెండిటికీ వీడియోలు తీసేదానికి నాకు తీరిక లేక మూడు నెలల్లో మూసేసినా. వేరే పేజీ అంటే వేరే షాపు పెట్టినట్టే అనుకోండి, దాని బాడుగ మీ టైము. ఆ రెండోది తన కాళ్ళ మీద తాను సంపాదించుకునేట్టు అయితేనే పెట్టాల. మాకు తెలిసిన ఒక బట్టల షాపాయన భార్య రాగి సంగటి, ఊరుబిండి, పప్పుచారు అని ఇంట్లో వంటల ఛానెల్ పెట్టింది, యూట్యూబ్‌లో 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వాచ్ టైము దాటితే యాడ్స్ డబ్బులు మొదలవుతాయి కదా, అవి దాటింది. ఇప్పుడు అది షాపుకి ప్రచారం కాదు, ఇంట్లో రెండో వ్యాపారం. ఆ షాపుకి ఆ ఛానెల్ చూసి వచ్చి చీర కొన్నోళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు, అయినా వాళ్ళకి నష్టం లేదు. (ఆ డబ్బు కూడా ఆదాయమే, రిటర్నులో చూపించాల, "అది అమ్మగారిది కదా" అంటే కుదరదు. వృత్తి దోషం, చెప్పకుండా ఉండలేను.)

వ్యాపారానికి ఆనుకున్న జీవితం

నాకు బాగా నచ్చింది ఇది, దీనికి మంచి ఉదాహరణ శ్రీకాళహస్తిలో నా క్లాస్‌మేట్. వాళ్ళది కలంకారీ ఇల్లు, పెడనలో మాదిరి అచ్చులు కాదు, కలంతో చేత్తో గీసేది. మొదట్లో చీరల ఫోటోలు, రేట్లు, డీఎం చేయండి, ఇంతే. ఒక పొద్దున వాళ్ళ పెరట్లో కసిమి (నల్ల రంగు) కుండ మూత తీస్తా ఉంటే వాళ్ళ అబ్బాయి వీడియో తీసినాడు. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్ళు కలిపి వారాల తరబడి ఊరబెడతారు, మూత తీస్తే ఆ వాసనకి పక్కింటోళ్ళు కిటికీలు మూసుకుంటారు. చూసేదానికి పల్చగా కషాయం మాదిరి ఉంటుంది, కరక్కాయ, ఎనుము పాలల్లో ముంచి ఎండేసిన బట్ట మీద కలం ఆనించగానే నల్లగా మారతాది. వాళ్ళ నాయన లుంగీ ఎగ్గట్టి ఆ కుండని కలబెడతా "ఇది మా ఇంట్లో అందరికన్నా పెద్దది, దీనికి కోపం వస్తే రంగు రాదు" అన్నాడు, అది కూడా రికార్డయింది.

వచ్చిన జనం చీరలు కొనేవాళ్ళు కాదు. డిజైన్ కాలేజీ పిల్లలు, సహజ రంగుల పిచ్చి ఉన్నోళ్ళు, స్కూల్లో డ్రాయింగు చెప్పే టీచర్లు. అందరిదీ ఒకటే ప్రశ్న, "నేర్పిస్తారా?" రెండు నెలలు విసుక్కున్నాడు మావాడు, "కొనేది లేదు, అడిగేదే జాస్తి" అని. తర్వాత ఎవరో చెప్తే ఆదివారం ఒక్క రోజు క్లాసు పెట్టినాడు, బట్ట, కలం, భోజనంతో కలిపి ఫీజు. ఇప్పుడు చీరలు కదలని నెలల్లో ఇంటిని నడిపేది ఆ క్లాసులే, వచ్చిన పిల్లల అమ్మలు పోతా పోతా దుపట్టాలు కొనుక్కుంటారు. అనుకోని జనం వచ్చినప్పుడు వాళ్ళకి మన సరుకు ఎట్ల అంటగట్టాలా అని చూడటం ఒక పద్ధతి, వాళ్ళు అడిగేదాన్నే సరుకు చేసుకోవడం ఇంకో పద్ధతి. మావాడు రెండోది చేసినాడు, అదీ తెలివితో కాదు, విసుగుతో.

దీంట్లో కూడా ఒక ముల్లు ఉంది. ఆ వీడియోలకి ఇంకో రకం జనం కూడా వచ్చినారు, "డిజైను క్లియర్‌గా ఫోటో పంపండి, బల్క్ ఆర్డర్ ఇస్తాం" అనేవాళ్ళు. ఫోటో పోయింది, ఆర్డరు రాలేదు, కొన్నాళ్ళకి అదే డిజైను స్క్రీన్ ప్రింటులో కనపడింది. ఇప్పుడు కుండ చూపిస్తారు, చెయ్యి చూపిస్తారు, నదిలో బట్ట జాడించేది చూపిస్తారు, పూర్తయిన బొమ్మ మాత్రం సగమే.

సరుకు ప్రయాణం చేసేవాళ్ళకి

మా పిన్నమ్మ కూతురు చిత్తూరులో ఊరగాయలు పెడతాది. మామిడికాయ, గోంగూర, ఊరుమిరపకాయలు, సంగటి పిండి కూడా. 2025 సీజన్లో వాళ్ళ మామగారి తోటలో తోతాపురి మామిడి కోసేది సరదాగా వీడియో వేసింది. గుజ్జు ఫ్యాక్టరీలు కిలోకి 8 రూపాయలు, ప్రభుత్వం పైన 4 రూపాయలు అని గోల నడిచిన ఏడాది అది. ఇంగేముంది, కామెంట్ల నిండా రైతులు. "ఈరోజు ఏ ఫ్యాక్టరీ గేటు తెరిచినారక్కా?" "మా బండి రెండు రోజులుగా లైన్లో ఉంది." వాళ్ళ బాధ నిజమైంది, కానీ ఊరగాయ కొనేవాళ్ళు కారు, వాళ్ళింట్లోనే జాడీలు ఉంటాయి. ఆఖరికి కామెంట్లలో పార్టీల గొడవ మొదలైతే పాప బెదిరిపోయి వీడియో తీసేసింది.

ఆ తర్వాత ఒకటి వేసింది, బెంగళూరులో పీజీలో ఉండే తమ్ముడికి బస్సులో పంపేదానికి డబ్బా సర్దేది. నూనె కారకుండా మూతకి కవరు వేసి రబ్బరు బ్యాండు బిగించేది, సంగటి పిండి పొట్లం మీద "ఉండలు కడతాది, బాగా గెలుకు" అని రాసి పెట్టేది. దానికి వచ్చినోళ్ళు అంతా బెంగళూరులో ఉండే మన చిత్తూరోళ్ళు, పలమనేరోళ్ళు, మదనపల్లోళ్ళు. మన యాస వినపడితే ప్రాణం లేచొచ్చింది అన్నారు, "అక్కా, మాకూ ఒక డబ్బా" అన్నారు. ఇక్కడ సరుకు ప్రయాణం చేస్తుంది, దూరపు జనం అంతా గిరాకీనే. ఊరగాయ, పొడులు, కలంకారీ, పూజ సామాన్లు, చెక్క బొమ్మలు, ఇట్లాంటివాళ్ళు నిర్భయంగా ఇంటి సంగతులు కలిపేయండి.

కానీ ఇక్కడే నేను ఆగి గట్టిగా చెప్పాల. సరుకులకి ఏపీలో 40 లక్షల టర్నోవర్ దాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదని అందరికీ తెలుసు. రాష్ట్రం దాటి ట్యాక్స్ ఉన్న సరుకు అమ్మితే ఆ 40 లక్షల లెక్క వర్తించదు, జీఎస్టీ చట్టం సెక్షన్ 24 ప్రకారం మొదటి డబ్బా నుంచే రిజిస్ట్రేషన్ ఉండాల. చిత్తూరు నుంచి వేలూరు గంట దూరం, మనకి అది పక్క ఊరు, చట్టానికి అది పక్క రాష్ట్రం. చేతిపని వస్తువులు కొన్నిటికి 20 లక్షల దాకా మినహాయింపు ఉంది, ఊరగాయకి లేదు. కాంపోజిషన్‌లో (చిన్న వ్యాపారులు అమ్మకాల మీద కొంత శాతం పన్ను కట్టే పద్ధతి) ఉన్నోళ్ళయితే రాష్ట్రం బయటికి అమ్మనే కూడదు. అంటే మీరు సరదాగా వేసిన ఒక వీడియో మీ ట్యాక్స్ స్థితినే మార్చేయగలదు. ఎఫ్ఎస్ఎస్ఏఐ (తినే సరుకులకి కేంద్రం ఇచ్చే) రిజిస్ట్రేషన్ కూడా ముందే చేసుకోండి, ఇంట్లో చేసుకునే చిన్నవాళ్ళకి ఏడాదికి 100 రూపాయలే, నంబరు డబ్బా మీద వెయ్యాల. మా చెల్లెలికి ఇవన్నీ ఆర్డర్లు వచ్చినాక చేసినాం, ఉరుకులు పరుగులు మీద.

మనిషే మన ఊరికి వచ్చే వ్యాపారాలు

మా బావకి రెండు కార్లు ఉన్నాయి, యాత్రికులకి తిప్పతాడు. ఆయనకి నా మాదిరి గందరగోళం లేదు, బెంగళూరోళ్ళు, చెన్నైయోళ్ళు చూస్తే చూసినంత మేలు, ఎట్లాగూ వాళ్ళు దిగేది తిరుపతిలోనే. దర్శనం అయినాక మిగిలిన సగం రోజు ఎక్కడ పోవచ్చు అనేది ఆయన వీడియోలు, చంద్రగిరి కోట, కాణిపాకం, వానలు పడితే తలకోన. ఇవి రూళ్ళు మారే సంగతులు కావు కాబట్టి పాతబడవు కూడా.

ఆయనకి అనుకోకుండా వచ్చింది వేరే గుంపు. రోడ్డు పక్క హోటళ్ళల్లో తాను తినే ప్లేటు వీడియో తీసి వేస్తాడు, నాటుకోడి పులుసు ఎక్కడ బాగుంటుంది, ఎక్కడ కారం జాస్తి, బండి పెట్టుకునేదానికి నీడ ఉందా లేదా అని. అది చూసేది తమిళనాడు, కర్ణాటక డ్రైవర్లు. మొదట "వీళ్ళతో నాకేం పని" అన్నాడు. ఇప్పుడు వాళ్ళు తమ ప్రయాణికుల్ని రైలెక్కించి "తిరుపతిలో మావాడు ఉన్నాడు" అని ఈయన నంబరు ఇస్తా ఉన్నారు, బార్డరు దాటితే పర్మిట్టు, ట్యాక్సు, ఆ ఖర్చు వాళ్ళకి తప్పతాది. పోటీదారులు అనుకున్నోళ్ళే దళారీ కమిషన్ లేకుండా బేరాలు పంపిస్తా ఉన్నారు. అందుకే వచ్చిన గుంపుని మొదటి వారమే పనికిరాదని కొట్టేయొద్దు అంటా.

ఈ ఊరోళ్ళు మాత్రమే కావాల్సినవాళ్ళు

టైలరు, ట్యూషను, బ్యూటీ పార్లరు, నా ఆఫీసు. మనకి దూరపు జనం ఒట్టి శబ్దం. వీళ్ళు వేసే సంగతి ఈ ఊరోళ్ళకి మాత్రమే పట్టేదై ఉండాల. తాతయ్యగుంట వైపు బ్లౌజులు కుట్టే ఒకావిడ, మే నెల గంగమ్మ జాతరకి ఆడవేషం కట్టే మగవాళ్ళకి జాకెట్టు కొలతలు తీసుకునేది సరదాగా వేసింది, "భుజాలు తగ్గించుకో అన్నా, కొలత టేపు చాలట్లేదు" అని. ఊరంతా తిరిగింది ఆ వీడియో. బయటోళ్ళకి అది అర్థం కాదు, మన ఊరోళ్ళకి పొట్ట చెక్కలు. మరుసటి జాతరకి మొక్కు ఉన్న మగవాళ్ళు వరస కట్టినారు, వాళ్ళ వెంట వాళ్ళ ఇళ్ళ ఆడవాళ్ళు మామూలు బ్లౌజులకి. నా మిద్దె మొక్కలు కూడా ఇట్లే పని చేసినాయి అనుకుంటా, తిరుపతి ఎండకి, తిరుపతి బోరు నీళ్ళకి ఏ మొక్క నిలబడతాది అనేది తిరుపతోళ్ళకే కావాల.

ఎక్కడ వెయ్యాల

వాట్సాప్ స్టేటస్ 24 గంటలే ఉంటుంది, మీరూ వాళ్ళూ ఒకరి నంబరు ఒకరు సేవ్ చేసుకొని ఉంటేనే కనపడతాది, కాబట్టి అక్కడ అనుకోని జనం రారు. ఉన్న క్లయింట్లతో మాటా మంచీ ఉంచుకునేదానికి అదే బెస్టు, నేను ఇప్పుడు టీ, బోండా, వాన, అన్నీ అక్కడే వేస్తా. రీల్స్ పోయేది తెలియనోళ్ళ దగ్గరికే, కొత్త జనం కావాలంటే అది. యూట్యూబ్‌లో వేసింది ఏళ్ళ తర్వాత కూడా వెతికితే దొరకతాది, మంచికీ చెడ్డకీ. గూగుల్ మ్యాప్స్‌లో వేసే ఫోటో చూసేవాడు సగం దారిలో ఉన్నాడు, అక్కడ షాపు బోర్డు, మెట్లు, పార్కింగు పెట్టండి, మందారం వద్దు.

కొండ మీద గుడి ముందర, మాడ వీధుల్లో రీల్స్ తీయొద్దని టీటీడీ గట్టిగానే చెప్పింది, వ్యాపారం పేజీ కోసం అక్కడ ఫోన్ ఎత్తొద్దు. ఇంటిల్లిపాదీ ఊరు పోతా ఉన్నాం అని బయల్దేరేటప్పుడే వెయ్యొద్దు, తిరిగొచ్చినాక వేసుకోండి, తాళం వేసిన ఇంటికి మీరే బోర్డు పెట్టినట్టు ఉంటుంది. ఇంగ నేను చేసిన ఘనకార్యం, ఒక సాయంత్రం టేబుల్ మీద టీ గ్లాసు, మిరపకాయ బజ్జీ ఫోటో అందంగా తీసి వేసినా, బజ్జీ వెనకాల ఒక క్లయింటు కాగితం, పేరు, పాన్ నంబరు నిక్షేపంగా కనపడతా ఉంది. పది నిమిషాల్లో ఆయనే ఫోన్ చేసినాడు. "బజ్జీ బాగుందమ్మా, నా పాన్ కార్డు కూడా బాగుంది" అన్నాడు. అంతకన్నా తిట్టి ఉంటే నయం. లెక్కలు, ఆస్పత్రి, లాయరు ఆఫీసుల వాళ్ళు టేబుల్ ఫోటో అనే మాటే మర్చిపోండి.

ఇంకా తేలకపోతే రెండు నెలలు ఇట్ల చేసి చూడండి. వారానికి ఒకటి వ్యాపారం, ఒకటి ఇంటి సంగతి, ప్రతిసారీ వేరే సంగతి. కౌంటర్లో ఒక నోట్‌బుక్ పెట్టుకొని వచ్చిన ప్రతి కొత్త మనిషినీ "ఏం చూసి వచ్చినారు?" అని అడిగి రాసుకోండి, ఇన్‌స్టా ఇన్‌సైట్స్‌లో చూసినోళ్ళు ఏ ఊర్లోళ్ళో కూడా పక్కనే రాయండి. రెండు నెలల తర్వాత ఎక్కువమంది చూసింది ఏది, షట్టరు లోపలికి మనిషిని తెచ్చింది ఏది అని పక్కపక్కన పెడితే, రెండూ ఒకటైతే మీ అదృష్టం, నాకు కాలేదు. నేను మెట్లు ఆపేసి మొక్కలు పెట్టుకున్నా, త్రీబీ పోస్టర్లు అట్లే ఉంచినా.

పాత మెట్ల వీడియో తీసేయలేదు, టోకెన్ల మాట కత్తిరించి మళ్ళీ వేసినా. పేజీలో పైన ఒకటి పిన్ చేసి పెట్టినా, పెద్ద అక్షరాలతో: "దర్శనం టికెట్లు, రూములు, లెటర్లు నా దగ్గర లేవు. జీఎస్టీ, ఇన్‌కమ్ ట్యాక్స్ అయితే చెప్పండి." నిన్న దాని కిందే ఒకాయన కామెంట్ పెట్టినాడు, రెండు టికెట్లు చాలంట.